రామయ్యా, పట్టా ఉందా?

భద్రాచలం వచ్చినవాళ్లంతా ఆటో మాట్లాడుకుని దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలకు కూడా వెళ్తారు. సీతమ్మ నారచీర ఆరేసిన రాళ్లు చూస్తారు, బొమ్మల ముందు సెల్ఫీ దిగుతారు, చెరుకురసం తాగి తిరిగొస్తారు. పర్ణశాల అంటే ఏమిటని మాత్రం ఎవరూ అడగరు. నేను చెప్తాను వినండి. ఆకుల గుడిసె. ఊరుగాని ఊరి నుంచి వచ్చిన ముగ్గురు, గోదారి ఒడ్డున, అడవిలో, ఎవరి అనుమతీ లేకుండా నాలుగు గుంజలు పాతి వేసుకున్న గుడిసె.

ఇవాళ వేస్తే? తెల్లారేసరికి జేసీబీ.

కాదంటారా? అయితే రామయ్య దరఖాస్తు పట్టుకుని మీరే ఆఫీసుకు వెళ్లండి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ నేల మీద ఉండాలి. త్రేతాయుగం కాబట్టి ఆ గండం గట్టెక్కుతాడు. మరి కులం సర్టిఫికెట్టు? ఇక్ష్వాకు వంశం, గిరిజనుడు కాదు. గిరిజనేతరుడైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవినే నమ్ముకుని బతుకుతున్నట్టు రుజువు చూపాలి. ఆయన వనవాసం మొత్తం కలిపితే 14 ఏళ్లు. గుమాస్తా కళ్లజోడు సర్దుకుని 'తిరస్కరించడమైనది' అని ముద్ర గుద్దుతాడు. లక్ష్మణుడు గొంతు పెంచాడా, ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించాడని కేసు.

నవ్వొచ్చిందా? నవ్వండి. చర్ల అడవిలో గొత్తికోయ గుడిసెల ముందు నిలబడి కూడా నవ్వగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం మొదలైంది. ఒకపక్క జుడుం, ఇంకోపక్క మావోయిస్టులు, నడుమ చిక్కిన గూడేలు. ఇళ్లు తగలబడ్డవాళ్లు చంకన పిల్లల్ని, నెత్తిన గిన్నెల్ని పెట్టుకుని రాత్రికి రాత్రి అడవి దాటి మన వైపు వచ్చారు. వాళ్లే ఈ గొత్తికోయలు. అక్కడ వాళ్లు షెడ్యూల్డు తెగ. ఇక్కడికొచ్చాక కాదు. లక్ష్మణరేఖ దాటితే సీతమ్మ ఒక్కతే పోయింది. రాష్ట్రాల గీత దాటితే వీళ్ల తెగకు తెగే పోయింది! 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది. వీళ్లు ఆ లెక్కలోకే రాలేదు. చంపుతారని పారిపోయి అడవిలో ఆకుల పంచన చేరినవాడికి 'ఆక్రమణదారు' అని పేరు పెట్టి, అదే కథ పూర్వం జరిగిందంటే మాత్రం టెంకాయ కొట్టి హారతిస్తాం.

మీ నోటిదాకా వచ్చిన మాట నాకు తెలుసు. చండ్రుగొండ. 2022 నవంబరు 22న బెండాలపాడు అడవిలో రేంజి ఆఫీసర్ శ్రీనివాసరావును నరికి చంపారు. చంపింది గొత్తికోయలే. అది హత్య. దానికి సాకులు వెతకడం నా పని కాదు. ఇద్దరికి కోర్టు యావజ్జీవం వేసింది, వేయాల్సిందే. కానీ ఆ శవం ఊరు దాటకముందే మన నోళ్లు ఏమన్నాయి? మొత్తం గొత్తికోయల్నే తరిమేయాలన్నాయి. ఆ ఊరి పంచాయతీ అయితే తీర్మానమే చేసింది. ఇద్దరి నేరానికి పాలు తాగే పిల్లదాకా వెలి. ఖమ్మంలో మీ కులంవాడో నా కులంవాడో కత్తి దూస్తే ఆ కులాన్నంతా మూటగట్టి డోర్నకల్‌లో రైలెక్కించామా ఎప్పుడైనా?

నేను నాస్తికుణ్ణి కాదు. ఆ ముద్ర వేసి ఈ కాగితం మడిచేద్దామనుకుంటే కుదరదు. శ్రీరామనవమి నాడు భద్రాచలం మిథిలా స్టేడియం ఎండలో పానకం తాగి, మైకులో మాంగల్యధారణ మంత్రం వినబడగానే కళ్లు చెమర్చే రకం నేను. అందుకే ఈ కోపం. బయటివాడైతే నవ్వుకుని పోయేవాడు.

భద్రాద్రికి తొలి పూజారి ఎవరు? నేను కనిపెట్టి చెప్పడం లేదు, గుడి గోడలూ స్థలపురాణమూ చెప్పేదే. భద్రిరెడ్డిపాలెం కోయ స్త్రీ పోకల దమ్మక్క. పుట్టలో దొరికిన రాముడికి తాటాకు పందిరి వేసింది, తాటిపళ్లు ఆరగింపు పెట్టింది. ఆమె పందిరికీ పట్టా లేదు. ఆమెకు మంత్రమూ రాదు. ఆ తర్వాత వచ్చాడు నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ము గుడికి పెట్టి గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడు. అంటే ఈ క్షేత్రాన్ని నిలబెట్టింది ఒక అడవి మనిషి, ఒక ఖైదీ. ఆయన భక్తికి పన్నెండేళ్ల చెర. మన భక్తికి ఆర్టీసీ కార్గో. ఆన్‌లైన్లో డబ్బు కడితే తలంబ్రాలు గుమ్మంలోకే వస్తాయి, చెప్పులు తొడుక్కునే పని కూడా లేదు. ఆ తలంబ్రాల్లో ముత్యాలున్నాయి చూశారా? గోల్కొండ సుల్తాను తానీషా మొదలుపెట్టాడని చెప్పుకునే ఆనవాయితీ అది. ఆ ముత్యాన్ని కళ్లకద్దుకున్న వేలితోనే, తురకల్ని తిట్టే మెసేజిని బంధువుల గ్రూపులో నొక్కుతారు. వేలికి సిగ్గుండదు నిజమే. వేలికి వెనకాల మనిషి ఉండాలి కదా.

ఇక శబరి. ఎంగిలి పళ్లు తిన్నాడు మా రాముడు, మాకు తేడాల్లేవు అని ఉపన్యాసకుడు గొంతు వణికించినప్పుడల్లా చప్పట్లు. ఆ శబరి పేరు మోసే నది చింతూరు మీదుగా వచ్చి కూనవరం దగ్గర గోదారిలో కలుస్తుంది. ఒడ్డు పొడుగునా కోయ ఊళ్లు. పోలవరం ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తన్నితే మునిగేవి అవే. ఉమ్మడి రాష్ట్రం లెక్క ప్రకారం ముంపు ఊళ్లు 276, ఖాళీ చేయాల్సినవాళ్లలో దాదాపు సగం మంది ఆదివాసులు. రాష్ట్రం విడిపోవడానికి కొద్దిరోజుల ముందు, 2014 మే చివర్లో, ఆ ప్రాజెక్టు కోసమే ఒక ఆర్డినెన్సుతో ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌కు రాసిచ్చారు. గుడి ఈ పక్కన మిగిలింది, పురుషోత్తపట్నంలో దేవుడి భూమి ఆ పక్కకు పోయింది. దాదాపు 890 ఎకరాలు. దాని కోసం మనం ఎంత గొంతు చించుకున్నామో గుర్తుందా? చించుకోవాల్సిందే, దేవుడి మాన్యం ఎవడి అబ్బసొత్తూ కాదు. కానీ దేవుడి చేను కబ్జా అయితే మరిగిన నెత్తురు, దేవుడికి తొలి ముద్ద పెట్టిన జాతి ఊళ్లకు ఊళ్లు మునుగుతుంటే ఎందుకు చల్లగా ఉంది? 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు లేచింది. మనమంతా టీవీల ముందు కూర్చుని, గుడికి ఏమైనా అవుతుందా అని దండాలు పెట్టుకున్నాం. దిగువన కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద నానారు. అదే రాముడు, అదే గోదారి. కరకట్ట మాత్రం ఒకవైపే ఉంది.

ఇల్లు మునిగితే అధికారి టేపు పట్టుకుని కొలిచి లెక్క కడతాడు. విత్తనాల పండుగ చేసే చోటుకు, వేల్పు కొలువున్న చెట్టుకు, తాత పేరున పాతిన రాయికి చదరపు అడుగు ఎంత? పునరావాస కాలనీలో వరసకట్టి సిమెంటు పెట్టెల్లాంటి ఇళ్లిచ్చారు. పూనకం వచ్చినవాడు ఏ సందులో ఆడాలి?

ఇప్పుడు అటు తిరుగుతాను. పాస్టరుగారూ, మీరు కులాసాగా కూర్చుని 'బాగా పెట్టాడు హిందువులకు' అనుకుంటున్నారేమో. కాస్త సర్దుకుని కూర్చోండి. దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టడానికొచ్చిన ఇంజినీరు హేగ్ చొరవతో 1860ల్లోనే అక్కడ కోయల కోసం మిషన్ మొదలైంది. మందూ అక్షరమూ తెచ్చారు. ఆ రోజుల్లో ఆ జ్వరాల అడవిలోకి మన పండితులెవరూ తొంగి చూడలేదు, ఒప్పుకుంటాను. కానీ మీలో కొందరు మందుతో పాటు ఇంకోటి తెచ్చారు. వేల్పు అంటే దయ్యం, డోలు కొడితే పాపం, ఇప్పసారా సరే, ఇప్పచెట్టుకు దండం పెట్టినా నరకం. అన్నదమ్ముల్లో ఒకడు భూమి పండుగకు చందా ఇవ్వడు, రెండోవాడు వాణ్ణి బావి దగ్గరికి రానివ్వడు. మీ రిజిస్టరులో ఒక ఆత్మ పెరిగింది, గూడెంలో రెండు పొయ్యిలయ్యాయి. క్రీస్తు అడిగిందిదేనా? అణగారినవాళ్ల పక్కన నిలబడినందుకే శిలువెక్కినవాడి పేరు చెప్పుకుని, పోడు తగాదాలో పోలీసులొచ్చిన రోజు 'మనకెందుకు, ప్రార్థన చేద్దాం' అన్నవాణ్ణి నేను కళ్లారా చూశాను. పేరు చెప్పను. ఆయనకు తెలుసు.

అడవిలో దేవుడి పేరుతో తలలు లెక్కపెట్టేవాళ్లు ఇద్దరూ ఒకటే. ఒకడు తల మీద నీళ్లు చల్లి లెక్క రాసుకుంటాడు. ఇంకొకడు ఆ నీళ్లు తుడిచి కాషాయం కట్టి లెక్క రాసుకుంటాడు. మతం మారిన ఆదివాసిని ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని సభలు పెట్టేవాళ్లను అడుగుతున్నాను. దళితుడు క్రైస్తవంలోకి వెళ్తే 1950 నాటి ఉత్తర్వు వల్ల ఎస్సీ రిజర్వేషను పోతుంది. ఎస్టీకి అలాంటి షరతు ఎందుకు లేదో తెలుసా? తెగ అంటే నేల, నెత్తురు, భాష. మొక్కే దేవుణ్ణి బట్టి వచ్చిన పేరు కాదది. ఇంతకీ, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం ఉండగానే అది బినామీల చేతుల్లోకి వెళ్తుంటే ఒక్క సభైనా పెట్టారా? పెట్టరు. బినామీల్లో చందాదారులుంటారు.

భద్రాచలం నుంచి చింతూరు, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద దర్భా ఉంది. ఆ బ్లాకులోని ఛింద్‌వాడాలో 2025 జనవరి 7న ఒక పాస్టర్ చనిపోయాడు. సొంత ఊరి మట్టిలో పాతనివ్వం అన్నారు ఊరివాళ్లు. సొంత పొలంలోనైనా సరే, వీల్లేదన్నారు. కొడుకు హైకోర్టుకెళ్లాడు, సుప్రీంకోర్టుకెళ్లాడు. ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట అన్నారు. చివరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో క్రైస్తవుల శ్మశానంలో పూడ్చమన్నారు. అప్పటిదాకా, ఇరవై రోజులు, ఆ శవం మార్చురీలో ఉంది.

జటాయువుకు రాముడు స్వయంగా దహనం చేశాడు. గద్దకు! ఆ చోటు ఎటపాక అని మనమే బోర్డు పెట్టి చూపిస్తాం, భద్రాచలానికి కూతవేటు దూరంలో. ఏ గోత్రమని అడిగాడా? ఏ శ్మశానమని అడిగాడా?

ఈ మాటలకు రేపు నాకు ఫోన్లొస్తాయి. ఒకడు హిందూ ద్రోహి అంటాడు, ఒకడు సువార్తకు శత్రువు అంటాడు, మా పాత ఎర్ర మిత్రుడొకడు 'ఇంకా ఆ రాముణ్ణి పట్టుకుని వేలాడుతున్నావా' అని జాలిపడతాడు. ముగ్గురికీ నంబరు ఉంది. చేయండి.

మొన్న నవమికి వెళ్లాను. కల్యాణానికి పెద్దలొస్తున్నారని దారి పొడుగునా తాళ్లు కట్టారు. రోడ్డు వార ఒక కోయ ముసలమ్మ గంపలో తాటిముంజలు పెట్టుకుని కూర్చుంది. కానిస్టేబులు లాఠీ కొసతో గంపను వెనక్కి తోశాడు. నాలుగు ముంజలు కాలవలో పడ్డాయి. స్తంభానికి కట్టిన మైకులో వ్యాఖ్యాత పరవశించిపోతున్నాడు: ఆనాడు దమ్మక్క తల్లి అడవిలోంచి తాటిపళ్లు తెచ్చి...

"యాడికి బొమ్మంటవు సారూ" అని ఆమె కానిస్టేబుల్ని అడిగింది. ఆయన వినిపించుకోలేదు, కాన్వాయి వస్తోంది. గంప ఎత్తిపెట్టడానికి వంగితే నా వైపు చూసింది.

"డజను యాభై. తీసుకుంటవా అయ్యా?"