చీటీ లేని సీసాలో ఏముంది?

మిరప తోటలో మందు కొట్టడానికి వెళ్లిన కూలీ చేతిలో ఆసామి ఒక క్వార్టర్ సీసా పెడతాడు. "ట్యాంకుకి రెండు మూతలు పొయ్యి" అంటాడు. సీసా మీద చీటీ ఉండదు. ఇందులో ఏముందయ్యా అని అడిగితే "మందేరా, కొట్టు" అని జవాబు. మధ్యాహ్నానికల్లా కళ్లు మసకలై, నోట చొంగ కారుతూ ఆ మనిషి గట్టు మీద పడిపోతాడు. ఆసుపత్రిలో డాక్టరు అడిగే మొదటి మాట: ఏ మందు? మా మండలంలో ఇలా జరిగిన రోజున జవాబు చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. ఆసామి ఫోను ఎత్తలేదు.

మన కూలీలకు గుర్తుపట్టే విద్య లేదని కాదు. నీళ్లల్లో పోస్తే పాలలా తెల్లబడేది ఇ.సి. మందు, తెల్లబడకుండా కలిసిపోయేది ఎస్.ఎల్. మందు. కిరసనాయిలైతే పైన తేలుతుంది. పది పంటలు చూసినవాడికి ఇదంతా తెలుసు. అయితే ఈ పరీక్ష చెప్పేది మందు ఏ రకంగా తయారైందో మాత్రమే, విషం పేరు చెప్పదు. క్లోరిపైరిఫాస్ తెల్లబడుతుంది, సైపర్‌మెత్రిన్ కూడా తెల్లబడుతుంది. మోనోక్రోటోఫాస్ 36 ఎస్.ఎల్., గడ్డి మందు పారాక్వాట్ 24 ఎస్.ఎల్. రెండూ నీళ్లలో కలిసిపోయేవే. మొదటిదానికి అట్రోపిన్ ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుంది. రెండోదానికి విరుగుడే లేదు, పైగా అవసరానికి మించి ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకు ఇంకా చేటు. పేరు తెలియకపోతే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

వాసన చూసి చెబుతాననే మొనగాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. చాలా మందుల్లో ఆ వాసన అందులో కలిపిన ద్రావకానిది. పీల్చింది లోపలికే పోతుంది గదా! నాలుక సంగతి చెప్పనే అక్కర్లేదు.

అలాగని ముక్కు హెచ్చరించినప్పుడు కొట్టిపారెయ్యకూడదు. 2013 జులై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని తర్వాత ఫోరెన్సిక్ లేబొరేటరీ తేల్చింది. నూనె తేడాగా ఉందని వంటమనిషి ముందే చెప్పిందనీ, ఆ మాట వినలేదనీ అప్పట్లో పత్రికలు రాశాయి. లేబొరేటరీ యంత్రం పిల్లలు పోయాక చెప్పింది. ఆ తల్లి పొయ్యి దగ్గరే చెప్పింది. వంట చేసే ఆడమనిషి మాటకు విలువేముంది!

డబ్బా మీద రంగు గుర్తు ఉండాలని 1971 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఎరుపు అన్నిటికన్నా ఘోరమైన విషం, తర్వాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ. అక్షరం రాని మనిషికి కూడా పనికొచ్చే గుర్తు అది. క్వార్టర్ సీసాలోకి వంచిన క్షణాన ఆ గుర్తు పోయినట్టే. లీటరు డబ్బా కొనలేక ఇద్దరు ముగ్గురు కౌలురైతులు పంచుకునేది కూడా నేను చూశాను. వాళ్లను తిట్టి లాభం లేదు. విడిగా వంచి అమ్మే దుకాణాన్ని పట్టుకోవాలి. చిన్న డబ్బాలు అందుబాటులో ఉంచాలి.

ఇక ఆసుపత్రి సంగతి. పారాక్వాట్ ఒంట్లోకి పోయిందేమో చూడాలంటే మూత్రంలో సోడియం బైకార్బొనేటు, సోడియం డైథియోనైటు కలుపుతారు. విషం తగినంత ఉంటే నీలం రంగు తేలుతుంది. నిమిషాల పని, పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఈ రెండు పొడులూ ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికా?

ఈ సీజనులో మేం కూలి రేటు మాట్లాడేటప్పుడే ఇంకో మాట కూడా మాట్లాడుతున్నాం. అసలు డబ్బా గట్టు మీద ఉండాలి, మూత మా కళ్లముందే తియ్యాలి. ఎవరైనా పడిపోతే మనిషితోపాటు డబ్బా కూడా ఆసుపత్రికి పోవాలి. మొన్న ఒక ఆసామి "కూలికొచ్చినోళ్లకి ఇన్ని రూల్సా" అని విసుక్కున్నాడు. ఎనిమిది మందిమీ గట్టు మీదే కూర్చున్నాం. ఇంటికి పోయి డబ్బా తెచ్చాడు. ఎర్ర గుర్తు డబ్బా.