సరదా కూడా రాజ్యాంగంలో ఉంది

"ఉద్యమాల్లో తిరిగేవాళ్లు థీమ్ పార్కులకు పోవడమేంటి సార్? అదంతా కార్పొరేట్ వినోదం కదా!"

పోయిన ఆదివారం నాటి ఫొటోలు చూసి మా పీజీ విద్యార్థి ఒకతను అడిగిన ప్రశ్న ఇది. అడగడంలో తప్పులేదు. కానీ దాని వెనక ఒక నమ్మకం ఉంది. దళితుడంటే ధర్నాలో ఉండాలి, సంతాప సభలో ఉండాలి, లేదంటే ఎఫ్ఐఆర్‌లో ఉండాలి. నీళ్లలో కేరింతలు కొడుతూ కనబడితే దారి తప్పినట్టు! ఈ నమ్మకం బయటివాళ్లకే కాదు, మనకీ ఉంది. అందుకే ఈ వారం దీని మీదే రాస్తున్నాను.

ముందు సంగతి చెప్తాను. మా అక్క కూతురు గురుకులంలో పదో తరగతి పాసైంది. ఏం కావాలంటే ఫోను అడగలేదు. "పెద్ద పెద్ద రైడ్లు ఉంటాయంట కదా, అక్కడికి తీసుకెళ్లు మావయ్యా" అంది. నేను, అమ్మ, అక్క, తను, నలుగురం వెళ్లాం. టికెట్లు, ఈత బట్టలు, తిండి అన్నీ కలిపితే, దాదాపు 25 రోజుల ఉపాధి హామీ కూలి. ఆ లెక్క అమ్మ గేటు దగ్గరే వేసేసింది. "ఇంత పోసి నీళ్లలో దూకాలా?" అని గొణుక్కుంటూనే లోపలికి వచ్చింది.

వేవ్ పూల్‌లో అందరివీ ఒకే రకం నైలాన్ బట్టలు. గొలుసులు, వాచీలు లాకర్లలో ఉన్నాయి. సైరన్ మోగగానే అలలు మొదలయ్యాయి. వందల మంది ఒకే నీళ్లలో పడుతున్నారు, లేస్తున్నారు. ఎవరిని తాకిన నీళ్లు ఎవరి నోట్లోకి పోతున్నాయో ఎవరికీ పట్టలేదు. ఊరోళ్లకో రేవు, మనకో రేవు ఉన్న చెరువును చూసి పెరిగింది మా అమ్మ. గట్టున కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టి, చాలాసేపు ఆ జనాన్నే చూసింది.

పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మాట కలిపింది. ఏ ఊరు, పిల్లలెంతమంది, అబ్బాయేం చేస్తాడు. "లెక్చరరా! మంచిదండీ" అని, కాసేపాగి, "ఇంతకీ మీరేమిట్లు?" అంది. అమ్మ ఎన్నో ఏళ్లుగా ఈ ప్రశ్నకు చెప్పే జవాబే చెప్పింది: "మేం చర్చికెళ్తామండీ." అప్పుడే నీళ్లలోంచి వచ్చిన మా మేనకోడలు తల తుడుచుకుంటూ, "మాదిగోళ్లమండీ. మీరు?" అంది. గొంతులో కోపం లేదు. ఏ సెక్షన్ అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఆవిడ మనవణ్ణి పిలుచుకుంటూ లేచి వెళ్లిపోయింది. పిల్ల మళ్లీ అలల్లోకి పరిగెత్తింది.

కాబట్టి ఆ నీళ్లలో కులం కరిగిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ కులం తెలియలేదు, అంతే. తెలుసుకోవాలన్న దురద మాత్రం టికెట్ కొనుక్కుని మనతోపాటే లోపలికి వచ్చింది. టికెట్ కౌంటరు కులం అడగదు, నిజమే. డబ్బులడుగుతుంది. ఈ దేశంలో డబ్బులు ఎవరి దగ్గర ఉన్నాయో, భూములు ఎవరి పేరున ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు.

విహారం మనకు కొత్త కావచ్చు. విహారానికి పోయి అవమానపడ్డ చరిత్ర మాత్రం పాతదే. 1934లో బాబాసాహెబ్ సుమారు ముప్పై మందితో కలిసి వేరూళ్ గుహలు చూడ్డానికి బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట. అప్పుడది మన నిజాం రాజ్యంలోనే ఉంది. దుమ్ము కొట్టుకున్న ముఖాలు, కాళ్లు కోట దగ్గరి చిన్న తటాకంలో కడుక్కున్నారు. ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు, చెరువు మైలపడిందని. జనం పోగయ్యారు. ఆఖరికి కోట చూడనిచ్చారు గానీ, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడమని ఒక సాయుధుణ్ణి వెంట పంపారు. అప్పటికే ఆయన బారిస్టరు. రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లొచ్చిన నాయకుడు. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి ఏడేళ్లయింది. అడ్డుకున్నవాళ్లు ముస్లింలనీ, అంటరానితనం హిందువుల దగ్గరే ఆగలేదనీ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే రాశారు.

మన ఊళ్లకే వద్దాం. 1985లో కారంచేడు మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. 1991లో చుండూరు సినిమా హాల్లో మొదలైంది. చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. ఆగస్టు 6న 8 మందిని చంపి కాలువల్లో, పొలాల్లో పడేశారు. చుండూరు మా అమ్మ పుట్టింటికి దగ్గరే. ఆ తర్వాత మా ఇంటి ఆడవాళ్లు సినిమా హాలు గడప తొక్కడానికి ఏళ్లు పట్టింది. సినిమాకు వెళ్లడం ప్రాణాల మీదకు వచ్చిన కులాలం మనం. మన సరదాను చిన్న విషయమని ఎవరంటారు?

రాజ్యాంగం తీసి 15(2) అధికరణం చూడండి. దుకాణాలు, హోటళ్లతోపాటు ప్రజా వినోద స్థలాల్లోకి కులం పేరుతో అడ్డుకోకూడదని ఉంది. ఆ వెంటనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు. నీళ్లనూ వినోదాన్నీ పక్కపక్కనే పెట్టారు. 1955 చట్టం ఆ అడ్డగింతను శిక్షించదగ్గ నేరం చేసింది. కడుపు నిండటం, కన్నీళ్లు తుడుచుకోవడం మాత్రమే పౌరసత్వమని అది రాసినవాళ్లు అనుకోలేదు.

అమెరికా నల్లవాళ్లకూ ఇది తెలుసు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో మార్టిన్ లూథర్ కింగ్ తన ఆరేళ్ల కూతురి గురించి రాశారు. టీవీలో ప్రకటన చూసి ఫన్‌టౌన్ అనే పార్కుకు తీసుకెళ్లమని అడిగిన పిల్లకు, నల్లపిల్లల్ని అక్కడికి రానివ్వరని చెప్పలేక ఆ తండ్రి నోరు పడిపోయింది. అదే ఏడాది ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లక్షల మంది కవాతు చేస్తున్న రోజే, బాల్టిమోర్‌లో గ్విన్ ఓక్ పార్కు గేట్లు నల్లవాళ్లకు తెరుచుకున్నాయి. ఏళ్ల తరబడి నిరసనలు చేసి, వందల మంది అరెస్టయి తెరిపించుకున్న గేట్లవి. రంగులరాట్నం కోసం జైలుకెళ్లినవాళ్లను దారి తప్పారని ఎవరూ అనలేదు.

సాహిత్యం పాఠాలు చెప్పేవాడిగా ఇంకో మాట. మన కథల్లో, కవితల్లో పిల్లలు ఎక్కువగా ఆకలితోనో అవమానంతోనో కనిపిస్తారు. అది అబద్ధం కాదు. కానీ వాడల్లో ఆట కూడా ఉంది. గోగు శ్యామల కథల్లో మాదిగవాడ పిల్లల అల్లరి చదివినప్పుడు నాకు ఊపిరాడుతుంది. ఏడుపే మన గుర్తింపయితే, మనల్ని ఏడిపించినవాడు చెప్పిన పేరే మనం పెట్టుకున్నట్టు.

కార్పొరేట్ వినోదం అన్నావు కదా తమ్ముడూ, ఆ విమర్శ నాకూ ఉంది. ప్రతి రైడ్ దగ్గరా తడి తుడుస్తున్న అక్కలున్నారు. వాళ్ల పిల్లలు ఆ రైడ్లు ఎక్కే రోజు ఎప్పుడన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మనం వెళ్లడం మానుకుంటే దొరకదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో సబ్‌ప్లాన్ చట్టం సాధించుకున్నాం. ఆ డబ్బులోంచి హాస్టల్ పిల్లలకు ఏడాదికొక విహారయాత్ర ఎందుకు అడగకూడదు? ప్రతి పట్టణంలో పేదపిల్లలు ఈదడానికి ఒక మున్సిపల్ ఈతకొలను ఎందుకు అడగకూడదు? విద్యార్థి సంఘాల మిత్రులారా, ఈసారి మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్‌ల కింద ఇంకో లైను చేర్చండి: హాస్టల్ పిల్లలందరికీ విహారయాత్ర.

ఎవరైనా నవ్వితే 15(2) చూపించండి.

జై భీమ్.