సికింద్రాబాద్ నుంచి జాఫ్నాకు

మీర్‌పేట్‌లో ఏ బడిపిల్లాణ్ని అడిగినా కార్గిల్ గురించి గడగడా చెబుతాడు. జాఫ్నా అంటే తెల్లమొహం వేస్తాడు. తప్పు వాడిది కాదు.

శ్రీలంక అంతర్యుద్ధంలో శాంతి నిలపడానికి 1987లో మొదట వెళ్లింది మన సికింద్రాబాద్ 54వ పదాతి డివిజనే. ఆ అక్టోబరులో జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లు దించిన 30 మంది సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లలో ఒక్కడే ప్రాణాలతో మిగిలాడు. 1990 మార్చిలో మన సేన తిరిగొచ్చేసరికి అమరులైన జవాన్లు దాదాపు 1,200.

కొలంబో పక్కన బత్తరముల్లలో 2008లోనే వారికి స్మారకం వెలిసింది. పరాయి నేల గుర్తుపెట్టుకుంది! ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

ఎల్‌బీ నగర్ చుట్టూ కాలనీలకు నాయకుల పేర్లకేం కొదవ? ఆ 1,200 మందిలో మనవాళ్లెవరో సైనిక సంక్షేమ శాఖ జాబితా తీయాలి. వారి పేర్లు వారి వీధులకే పెట్టాలి.