లెక్క రాసే చేయి ఎవరిది?

పోయిన సంవత్సరం మన కాలేజీ సంచిక వెలువడగానే ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్లాను. మా అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పి చూసింది. ప్రిన్సిపాల్‌గారి సందేశం, యూనియన్ కార్యదర్శి నివేదిక, కవితలు, గ్రూపు ఫొటోలు అన్నీ అయ్యాయి. చివర ‘సరదాకి’ అనే శీర్షిక కింద బిరుదుల పేజీ వచ్చింది. అబ్బాయిలకు ‘కాబోయే కలెక్టర్’, ‘సిక్సర్ల వీరుడు’, ‘క్యాంటీన్ బాకీదారు’. అమ్మాయిలకు ‘మల్లెమొగ్గ’, ‘రాజహంస’, ‘బొద్దుగుమ్మ’. నా పేరుకు ఎదురుగా ‘అమావాస్య’.

నేను నవ్వేశాను. కాలేజీలోనూ నవ్వేశాను. నవ్వకపోతే సరదా తెలియని మనిషి అంటారు కదా! అమ్మ మాత్రం నవ్వలేదు. దాని అర్థమేమిటని కూడా అడగలేదు. “ఇది ఎవరు రాశారే?” అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అమెరికాలో నల్లజాతి స్త్రీలు నూట ముప్పై ఏళ్లకు పైగా పత్రికలను అడుగుతున్న ప్రశ్న కూడా ఇదేనని తర్వాత లైబ్రరీలో కూర్చున్నప్పుడు తెలిసింది. మన గురించి రాస్తున్నది ఎవరు? లెక్క కడుతున్నది ఎవరు?

ఐడా బి. వెల్స్ 1862లో మిసిసిపీ రాష్ట్రంలో బానిసలైన తల్లిదండ్రులకు పుట్టింది. 1878లో ఎల్లో ఫీవర్ వాళ్లిద్దర్నీ తీసుకుపోతే, పదహారేళ్ల వయసులో పంతులమ్మగా చేరి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పోషించింది. తరువాత మెంఫిస్ నగరంలో ‘ఫ్రీ స్పీచ్’ అనే పత్రికకు భాగస్వామి, సంపాదకురాలు అయింది. 1892 మార్చిలో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌నూ, అతని ఇద్దరు సహచరుల్నీ శ్వేతజాతి మూక జైల్లోంచి లాక్కుపోయి కాల్చి చంపింది. గొడవకు అసలు మూలం ఏమిటయ్యా అంటే, తెల్లవాడి దుకాణానికి పోటీగా వాళ్లు కిరాణా కొట్టు నడపడం!

ఇలాంటి హత్యలకు ఆనాటి శ్వేతజాతి పత్రికలు తరచూ చెప్పే కారణం ఒకటే. నల్లవాడు తెల్ల స్త్రీని చెరిచాడు, జనం ఆగ్రహించారు. ఐడా వెల్స్ ఆవేశపడి ఊరుకోలేదు, లెక్క తీసింది. అదీ తన సొంత లెక్క కాదు, ‘చికాగో ట్రిబ్యూన్’ అనే తెల్లవాళ్ల పత్రిక అచ్చువేసిన లెక్కే. ఎనిమిదేళ్లలో మూకలు చంపిన 728 మంది నల్లవాళ్లలో కేవలం మూడోవంతు మంది మీదనే అత్యాచారం ఆరోపణ ఉందనీ, అదైనా రుజువు కాని ఆరోపణేననీ 1892లో ‘సదరన్ హారర్స్’ అనే చిన్న పుస్తకంలో చూపించింది. అదే పుస్తకంలో ఇంకో సంగతీ బయటపెట్టింది. నల్ల స్త్రీల మీద తెల్లవాళ్లు చేసే అత్యాచారాలకు మూకా కదలదు, శిక్షా పడదు. జాతి గురించిన అబద్ధాన్నీ, స్త్రీ గురించిన మౌనాన్నీ ఆమె ఒకేచోట పట్టుకుంది. పత్రికా రచనతో ఆమె ఎంత భయపెట్టిందంటే, ఆ సంవత్సరం మే నెలలో ఆమె ఊళ్లో లేని సమయం చూసి కార్యాలయాన్నే ధ్వంసం చేశారు. తిరిగివస్తే ప్రాణం దక్కదన్నారు. ఆమె న్యూయార్క్ నుంచి రాసింది. ఇంగ్లండు వెళ్లి సభల్లో మాట్లాడింది. కలం మాత్రం దించలేదు.

ఇంతటి మనిషిని సాటి స్త్రీలైనా ఆదరించారా? 1913లో వాషింగ్టన్ నగరంలో స్త్రీల ఓటుహక్కు కోసం పెద్ద ఊరేగింపు జరిగింది. దక్షిణాది తెల్ల స్త్రీలు నొచ్చుకుంటారని, నల్ల స్త్రీలు అందరికన్నా వెనక నడవాలన్నారు నిర్వాహకులు. ఐడా వెల్స్ ఒప్పుకోలేదు. దారిలో పక్కన నిలబడి, తన రాష్ట్రమైన ఇల్లినాయిస్ బృందం రాగానే వాళ్లలో కలిసి నడిచింది.

ఇది చదివినప్పుడు నాకు మా పొలం గుర్తొచ్చింది. మాది కాలువ చివరి భూమి. నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది. ఆయకట్టు మొత్తానికి సగటు దిగుబడి బాగానే ఉందని కూడా వస్తుంది. కాని పై వాళ్లందరూ తడుపుకున్నాక మా మడికి చేరేది బురద. స్టాటిస్టిక్స్ క్లాసులో ‘సగటు’ గురించి చెప్పినప్పుడల్లా నాకు ఆ బురదే కళ్లముందు మెదులుతుంది. నల్లజాతి హక్కుల కాలువలోనూ, స్త్రీల హక్కుల కాలువలోనూ నల్ల స్త్రీది చివరి మడే. మొదటి దాంట్లో మాటంతా పురుషుడిది, రెండో దాంట్లో తెల్ల స్త్రీది. ఈ సంగతినే 1977లో బోస్టన్‌లోని ‘కొంబాహీ రివర్ కలెక్టివ్’ అనే నల్ల స్త్రీల బృందం ఒక ప్రకటనగా రాసింది. జాతి, స్త్రీత్వం, వర్గం అనే పీడనలు పెనవేసుకుని ఉంటాయి, ఒక్కొక్కటిగా విడదీసి పోరాడలేం అన్నది దాని సారాంశం. ఆ బృందంలోని బార్బరా స్మిత్, కవయిత్రి ఆడ్రీ లార్డ్ మొదలైనవాళ్లు 1980లో సొంత ప్రచురణ సంస్థే పెట్టుకున్నారు. దాని పేరు ‘కిచెన్ టేబుల్’. ఆడవాళ్లు కూడి పని చేసుకునేదీ, మాట్లాడుకునేదీ వంటింటి బల్ల దగ్గరే కాబట్టి ఆ పేరు!

ఇప్పుడు కాలం మారింది, యంత్రానికి రంగుభేదం తెలియదు కదా అనవచ్చు మా సైన్సు మిత్రులు. నేనూ అలాగే అనుకున్నాను. జాయ్ బోలమ్‌వీనీ అనే నల్లజాతి పరిశోధకురాలు ఎం.ఐ.టి.లో పనిచేస్తున్నప్పుడు ముఖాన్ని గుర్తించే ఒక కంప్యూటర్ కార్యక్రమం ఆమె ముఖాన్ని చూడలేకపోయింది. తెల్లని ముసుగు తగిలించుకోగానే చూసింది! ఆమె, టిమ్నిట్ గెబ్రూ కలిసి 2018లో మూడు సంస్థల కార్యక్రమాలను పరీక్షించారు. ఫొటో చూసి స్త్రీయా పురుషుడా అని చెప్పడంలో, తెల్లని మగవాళ్ల విషయంలో పొరపాటు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లని ఆడవాళ్ల విషయంలో ఒక కార్యక్రమం 34.7 శాతం దాకా తప్పింది. అందర్నీ కలిపి సగటు చూస్తే యంత్రం మంచిదే! విడదీసి లెక్క కట్టినప్పుడే దొంగతనం బయటపడింది. ఐడా వెల్స్ చేసిన పనీ ఇదే కదా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అమెరికా నల్లజాతివారి చరిత్ర వేరు, నా ఒంటి రంగు వేరు. బానిసత్వాన్నీ మూకహత్యలనూ అనుభవించిన వాళ్ల బాధ పక్కన ‘అమావాస్య’ అనే మాటను పెట్టి తూకం వేయడం అన్యాయం. నేను వాళ్ల బాధను అరువు తెచ్చుకోవడం లేదు, ప్రశ్న అడిగే పద్ధతిని నేర్చుకుంటున్నాను. ఆ పద్ధతి ముందుగా మా ఇంటినే ప్రశ్నించింది. మా ఊళ్లో ఒకాయన ఇంటింటికీ వచ్చి వివరాలు రాసుకున్నాడు. పాసుపుస్తకం నాన్న పేరున ఉంది కాబట్టి నాన్న వృత్తి ‘వ్యవసాయం’. నాట్లు వేసి, కలుపు తీసి, పత్తి ఏరే అమ్మ వృత్తి ‘గృహిణి’. అమ్మ పక్కనే నిలబడి ఉంది, ఆమెను ఎవరూ అడగలేదు. ఇది ఒక వైపు. మా చేలో అమ్మతోపాటు వంగి కలుపు తీసే దళితవాడ అమ్మలకూ అక్కలకూ మా ఇంట్లో చాలాకాలం విడిగా గ్లాసులుండేవి. ఆ గ్లాసుల్లో నీళ్లు పోసి ఇచ్చిన చేయి నాదే. ఏనాడూ నేను ఎందుకని అడగలేదు. ఇది రెండో వైపు. మా కాలువకీ ఇంకా చివరి మడి ఉందన్నమాట!

ఆ చివరి మడి నుంచి గొంతు రాదా అంటే, వచ్చింది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్ గ్రామంలో 2008లో ‘సంఘం రేడియో’ ప్రారంభమైంది. దాన్ని నడిపింది దళిత మహిళా రైతులే. విత్తనాల గురించి, పంటల గురించి, తమ బతుకుల గురించి తమ యాసలోనే మాట్లాడారు. ఎవరో వచ్చి తమ గురించి చెప్పేదాకా వాళ్లు ఆగలేదు.

మిత్రులారా! ‘జోకుకి ఇంత ఉపన్యాసమా?’ అని మీలో కొందరు అనుకుంటారని తెలుసు. అందుకే లైబ్రరీలో మన పాత సంచికలు తీసి చూశాను. అమ్మాయిలకిచ్చిన బిరుదుల్లో సగానికి పైగా రంగు, ఒళ్లు, నడక గురించినవే. అబ్బాయిలకిచ్చిన వాటిలో అలాంటివి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఒక్కటైతే జోకు. ఏడాదికేడాది ఒకే వైపు పడుతుంటే దాన్ని జోకు అనరు, అలవాటు అంటారు. రాసినవాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు. కాని ఆ బిరుదులు నిర్ణయించిన గదిలో ఒక్క అమ్మాయి కూడా లేదు. ఉండి ఉంటే ఆ మాట అచ్చుదాకా వెళ్లేదా? ఆలోచించండి!

నా కోరికలు రెండే. ఒకటి, బిరుదుల పేజీ ఉంటే ఉండనివ్వండి, మనిషి చేసిన పనిమీద బిరుదివ్వండి, పుట్టిన రంగుమీద కాదు. రెండు, సంపాదకవర్గంలో అమ్మాయిలకు సగం చోటు కావాలి. ఆ సగంలో సిటీ నుంచి వచ్చి ఇంగ్లీషు బాగా మాట్లాడేవాళ్లే కాకుండా, హాస్టళ్ల అమ్మాయిలు, అందులోనూ ఇంతవరకు ఎవరూ పిలవని దళిత అమ్మాయిలు ఉండాలి. లేకపోతే నాలాంటివాళ్లం పైమడి తడుపుకుని కూర్చుంటాం.

ఈ సంచిక కూడా ఇంటికి తీసుకెళ్తాను. అమ్మ అరుగు మీద కూర్చుని, ఎప్పటిలాగే చివరి పేజీ దాకా తిప్పి చూస్తుంది. అక్కడ ఏముంటుందనేది సంపాదకవర్గం చేతిలో ఉంది.

— బి.ఎస్సీ. మూడో సంవత్సరం విద్యార్థిని