పరిణామ పాఠము – మన తరగతి గది

మేము తెలుగు బోధించువారము. జీవశాస్త్రమున మాకు గల ప్రవేశము స్వల్పము. అయినను మొన్న ఒక విద్యార్థి మా యొద్దకు వచ్చి అడిగిన ప్రశ్న ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది. "సార్, డార్విన్ పాఠం చదివితే ఈమాన్ పోతుందా? చదవకపోతే మార్కులు పోతాయి కదా!" మాకు నవ్వు వచ్చెను గాని ప్రశ్న నవ్వదగినది కాదు. అతడు చదివిన పాఠశాలలో ఉపాధ్యాయుడు "ఇది మీరే చదువుకోండి" అని ఆ పుటలు త్రిప్పివేసెనట.

2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలియు ఇంచుమించు ఇట్లే చేసినది. పదవ తరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథమున "అనువంశికత – పరిణామము" అను అధ్యాయము వట్టి "అనువంశికత"గా మిగిలినది. కోవిడు పిమ్మట విద్యార్థుల భారము తగ్గించుటకనిరి. 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు బహిరంగ లేఖతో నిరసించిరి. పండ్రెండవ తరగతి జీవశాస్త్రమున ఆ పాఠము కలదు, నిజమే. కాని పదవ తరగతి పిమ్మట గణితమో, వాణిజ్యమో, మావలె భాషయో పట్టినవాని గతి యేమి?

అక్కరలేకున్నను యాంటీబయోటిక్ మాత్రలు మ్రింగరాదని వైద్యుడేల చెప్పును? మందునకు చావని సూక్ష్మక్రిములు మిగిలి, వాని సంతతియే పెరుగును గనుక. డి.డి.టి.కి లొంగని దోమల కథయు ఇదియే. 1859లో డార్విన్ గ్రంథమున వివరించిన ప్రకృతివరణము మన యింటనే జరుగుచున్నది!

కొందరు పెద్దలు "అది వట్టి సిద్ధాంతమే కదా" యని తీసివేయుదురు. ఇచట తెలుగు పంతులుగా మాకొక మాట చెప్పు హక్కు కలదు. సిద్ధాంతమనగా విచారించి తేల్చినది. ఊహకు మన భాషలో వేరు మాటలున్నవి.

విద్యార్థి విశ్వాసమును పరిహసించు అధ్యాపకుడును, పాఠమును దాటవేయు అధ్యాపకుడును మా దృష్టిలో ఒక్కటే. ఇరువురును అతని వివేకమును నమ్మనివారు. ఆధారములను ముందుంచి, ప్రశ్నలకు సమయమిచ్చిన చాలును. ఆ విద్యార్థికి మేము చెప్పినదిదియే: "బాబూ, పాఠం పూర్తిగా చదువు. నీ సందేహం మీ జువాలజీ సారును తరగతిలోనే అడుగు. పరీక్షలో ఈమాన్ సంగతి ఎవరూ అడగరు." అతడు అరగంట వాదించెను. మేము సంతోషించితిమి.

ఆధారములు దూరదేశములందే లేవు. మన గోదావరి లోయలో యామన్‌పల్లి వద్ద దొరకిన రాక్షసబల్లి యెముకలకు 1988లో ఆ యూరి పేరే కలిపి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణము చేసిరి. ఆ యస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో కలదు. కళాశాల సంఘమువారు ఈ యేడు ఒక బస్సు ఏర్పాటు చేయుదురని, అందు సాహిత్య విద్యార్థులకును చోటిత్తురని ఆశించుచున్నాము.