నొప్పి తగ్గగానే ఇంటికి తీసుకుపోవద్దు

గుండెపోటు వచ్చిన మనిషి లేచి కూర్చుని నాలుగు మెతుకులు తింటే చాలు, గండం గడిచిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. మూడో రోజుకల్లా 'పంపించండి బాబూ, పొలం పనులున్నాయి' అని డాక్టరును బతిమాలతారు. కాదంటే సంతకం పెట్టి మరీ తీసుకుపోతారు. అసలు కనిపెట్టి చూసుకోవలసింది ఆ రోజుల్లోనే.

రక్తనాళం మూసుకుపోతే గుండె కండలో కొంత భాగం చచ్చుబడుతుంది. అక్కడ గట్టి మచ్చ కట్టడానికి వారాలు పడుతుంది. ఈలోగా అది నానిన మట్టిగోడలా మెత్తగా ఉంటుంది. మొదటి రోజున, మళ్లీ మూడు నుంచి అయిదు రోజుల మధ్య, కొందరికి ఆ కండ చిరుగుతుంది. కింది గదుల మధ్య గోడకు చిల్లు పడవచ్చు. కవాటాన్ని పట్టి ఉంచే కండ తెగవచ్చు. బయటి గోడే పగిలితే రక్తం గుండె చుట్టూ చేరి దాన్ని నొక్కేస్తుంది. చాలామంది నిమిషాల్లో పోతారు. వృద్ధులకు, స్త్రీలకు, ఆలస్యంగా వచ్చినవారికి ఈ ముప్పు ఎక్కువ.

నాళాన్ని వేళకు తెరిచిన చోట ఇది నూటికి ఒకరికి కూడా రాదు. వస్తే మాత్రం గంటల వ్యవధే. ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమట, రక్తపోటు పడిపోవడం, మూత్రం తగ్గడం దీని గుర్తులు. స్టెతస్కోపు పెడితే నిన్న లేని కొత్త శబ్దం వినిపించవచ్చు. కండ తెగినప్పుడు ఒక్కోసారి ఆ శబ్దమూ ఉండదు. మంచం దగ్గరే ఎకో పరీక్ష చేస్తే సంగతి బయటపడుతుంది.

దీనికి మందులు కాసేపు ఆసరా మాత్రమే. బాగుచేయవలసింది ఎక్కువగా ఆపరేషనుతోనే. మధ్యగోడ చిల్లును ఆపరేషనుతో మూసిన వైనాన్ని అమెరికా సర్జన్ డెంటన్ కూలీ బృందం 1957లోనే ప్రచురించింది. ఈనాటికీ అది ప్రమాదకరమైన ఆపరేషనే. అయినా చేయకపోతే బతికేవారు బహు తక్కువ.

ఇంత అరుదైన దానికి ఇంత హడావుడి ఎందుకని అడగవచ్చు. ఎకో యంత్రం ఈ ఒక్క జబ్బుకే కాదు, ప్రతి గుండె రోగికీ అక్కరకొస్తుంది. అది ఉంటే చాలదు. రాత్రివేళ, ఆదివారం నాడు చూసే మనిషీ ఉండాలి. ఏ పెద్దాసుపత్రికి పంపాలో ముందే తేల్చుకుని ఉండాలి. ఇది అధికారుల బాధ్యత.

ఊళ్లో వారి బాధ్యతా ఉంది. ఛాతీ నొప్పిని గ్యాసు అనుకుని సోడా తాగించి తెల్లారేదాకా ఆగవద్దు; వెంటనే 108కు ఫోను చేయాలి. స్టెంటు వేసి మూడో రోజున డాక్టరే పంపితే సరే, తొందరపెట్టి తీసుకుపోవడం తగదు. ఇంటికి పంపే చీటీపై ఈ ప్రమాద గుర్తులను తెలుగులో రాసి ఇవ్వడానికి ఆసుపత్రులకు పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు.