పాపికొండల యాత్ర: ఒడ్డున కాపలా ఏది?

మాసూళ్లు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు వచ్చాయంటే డెల్టా గ్రామాల్లో పిల్లలు తండ్రిని అడిగే కోరిక ఒకటుంది. అదే పాపికొండలు. ఏడాది పొడవునా చేలల్లో, చెరువు గట్ల మీద వంగి పనిచేసే కుటుంబానికి ఒక పగలు లాంచీ మీద, ఒక రాత్రి నది ఒడ్డున గడపాలనుకోవడం గొంతెమ్మ కోరిక కాదు. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’ చిత్రం గోదావరి మీద పడవ ప్రయాణాన్ని తెలుగువారి ఇంటింటికీ చేర్చింది. పేరంటాలపల్లి మునివాటంలో శివదర్శనం, కొల్లూరు దగ్గర వెదురు గుడిసెల్లో రాత్రి బస ఏళ్ల తరబడి ఈ యాత్రలో భాగమయ్యాయి. అటువంటి యాత్రకు పోయినవారు క్షేమంగా ఇల్లు చేరాలన్నదే ఇక్కడి ప్రశ్న.

2019 సెప్టెంబరు 15 ఆదివారాన్ని ఈ ప్రాంత ప్రజలు మరచిపోలేరు. గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి 77 మందితో బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. ఆనాడు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతోంది. కొండల నడుమ నది మలుపు తిరిగి సుళ్లు తిరిగే చోటు అది. 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. మిగిలిన 51 మందిలో కుటుంబాలకు కుటుంబాలే ఉన్నాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎంతో శ్రమించి ఆ పడవను 38వ రోజున, అంటే అక్టోబరు 22న, ఒడ్డుకు చేర్చగలిగింది.

ఆ 26 మంది ఎలా బతికారన్నది అందరూ ఆలోచించవలసిన సంగతి. కచ్చులూరు, తూటిగుంట గ్రామాల గిరిజనులు పడవ ఒరిగిపోవడం కళ్లారా చూశారు. ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. నాటుపడవలు వేసుకుని వరదకు ఎదురువెళ్లి, లైఫ్ జాకెట్లతో తేలుతున్నవారిని అందినవారిని అందినట్టే పడవల్లోకి లాగారు. ఊరు ఒడ్డున ఉంది గనుక, ఊళ్లో మనుషులున్నారు గనుక, వారికి ఏరు తెలుసు గనుక 26 ప్రాణాలు నిలిచాయి.

ఇప్పుడు ఆ ఒడ్డు మారిపోయింది. దేవీపట్నం పోలవరం ముంపు మండలం. 2021 జూన్ 11న గోదావరి నీటిని స్పిల్‌వే మీదుగా మళ్లించిన తరువాత కాఫర్‌డ్యాం వెనుక నీరు నిలవడం మొదలైంది. ఒడ్డున ఉన్న ఊళ్లు ఒకటొకటిగా ఖాళీ అవుతూ వచ్చాయి. రాజమండ్రి రేవులో ఎక్కి నేరుగా కొండల దాకా పోయే పాతదారి కూడా డ్యాంతో తెగింది. ఇసుక తిన్నె ఎక్కడో, లోతు ఎక్కడో కళ్లు మూసుకుని చెప్పగలిగిన సరంగుల పాత లెక్కలు ఇక పూర్తిగా చెల్లవు. నీరు పెరిగింది, చూసే కన్ను తగ్గింది. రేపు మరొక పడవకు ఆపద వస్తే నాటుపడవ వేసుకుని వచ్చేది ఎవరు?

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. ప్రమాదం తరువాత పడవలను నిలిపివేసింది. 2020లో రాష్ట్రంలో 9 చోట్ల బోటింగ్ కంట్రోల్ రూముల ఏర్పాటుకు పూనుకుంది. 2021లో గాని యాత్ర తిరిగి మొదలు కాలేదు. అయితే కంట్రోల్ రూము రేవులో ఉంటుంది, ప్రమాదం నట్టేట జరుగుతుంది. కచ్చులూరు వంటి మలుపుల దగ్గర పడవలు తిరిగే వేళల్లో మరపడవతో గజ ఈతగాళ్లు కాపలా ఉండాలి. ఆ పని ముంపు గ్రామాల యువకులకే ఇవ్వాలి. ఊరు పోగొట్టుకున్నవారికి ఉపాధి దొరుకుతుంది, యాత్రికుడికి ప్రాణరక్షణ దొరుకుతుంది.

ప్రయాణికుల బాధ్యత కూడా లేకపోలేదు. 2018 మే 11న ఇదే మండలంలో యాత్రికుల లాంచీ నిప్పంటుకుంటే అదృష్టవశాత్తు అందరూ బయటపడ్డారు. నాలుగు రోజులు తిరక్కుండానే మంటూరు సమీపాన గాలివానలో మరొక లాంచీ మునిగింది. వాన జల్లుకు తలుపులు మూసుకుని లోపల కూర్చున్న గిరిజనులు బయటకు రాలేక ప్రాణాలు విడిచారు. కనుక గాలి పట్టినప్పుడు తలుపులు బిగించుకుని కూర్చోరాదు. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందనో, ఫొటోలో బాగుండదనో విప్పరాదు. పిల్లలకు సరిపడే జాకెట్లు ఉన్నాయో లేవో ఎక్కకముందే చూసుకోవాలి. అందరూ ఒకవైపుకే ఎగబడరాదు. రాత్రి బస చేసేచోట చీకటిలో స్నానానికి దిగరాదు. వరద ఉందని పడవ ఆపితే గొడవపడకుండా ఇంటికి మళ్లాలి. కొండలు ఎక్కడికీ పోవు, వచ్చే నెలలో చూడవచ్చు.

మన డెల్టాకు అన్నం పెట్టే తల్లి గోదావరి. ఆమె ఒడిలో ఒక పూట గడపడానికి పోయినవారి కోసం ఇంటిల్లిపాదీ రేవులో ఎదురుచూసే గతి మళ్లీ పట్టరాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఒకసారి చూశాము. ఖాళీ అయిన ఆ ఒడ్డున కాపలా పెట్టే పని రానున్న వరదకు ముందే జరగాలి.